రహీం మాస్టారు

ఈ ఏటి సావనీరులో మన పిల్లలకు పరిచయం చేయదగిన ఒక పెద్దమనిషి జీవితం ఉండాలని అనుకున్నప్పుడు మాకు ముందుగా తోచిన పేరు మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్‌ది. 2024లో ఆయన మీద హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ ఆ వేషం వేశాడు. అంచేత పేరు విన్నవాళ్లు మన ఇళ్లల్లో ఉండే ఉంటారు. అయితే సినిమా రెండున్నర మూడు గంటల వ్యవహారం, అందులో పట్టేవి కొన్నే. ఆయన హైదరాబాదు వాసి, బడిపంతులు అన్న సంగతి దగ్గర నుంచి మొదలుపెడితే గానీ తర్వాత జరిగినదంతా అర్థం కాదని మా ఉద్దేశం.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. బి.ఏ. పూర్తి చేసి పంతులు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవన్నీ ఆయన పాఠాలు చెప్పిన బళ్లు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పుచ్చుకుని, చివరి రెండు బళ్లల్లో ఆటల వ్యవహారం చూసుకున్నారు. సాయంత్రాలు ఊళ్లోని కమర్ క్లబ్బు తరఫున ఆడేవారు. ఆటగాడిగా ఆయనకు దేశమంతటా పేరు వచ్చిందని మేము చెప్పబోవడం లేదు. వచ్చిన పేరంతా నేర్పడం వల్ల వచ్చిందే.

1940లలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. అదే రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును చేతికి తీసుకున్నారు. ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. ఆ పోలీసు జట్టులో చేరినవాళ్లలో చాలామంది పేదింటి కుర్రాళ్లు. ఆట బాగుంటే కానిస్టేబులు ఉద్యోగం దొరికేది. నెల తిరిగేసరికి జీతం, ఒంటి మీద యూనిఫారం, సాయంత్రం మైదానం. ఆట కూడు పెడుతుందా అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అడుగుతుంటారు, అడగవలసిందే. ఆ రోజుల్లో హైదరాబాదులో కొన్ని ఇళ్లకైతే నిజంగానే పెట్టింది.

రహీం సాహెబ్ పిల్లల కోసం పెట్టిన పోటీలు తల్చుకుంటే ఆయనలోని పంతులు కళ్లకు కడతాడు. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోవడానికి వీల్లేదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. మన దగ్గర ప్రతి కుర్రాడూ బంతి దొరికితే నలుగుర్ని దాటుకుని తానే గోలు కొట్టాలని చూస్తాడు కదా, ఆ రోగానికి మందు అది. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడైతే ఎడంకాలితో మాత్రమే. మరొకటి పొట్టి పిల్లలకు, ఇంత ఎత్తు దాటితే ఆడటానికి లేదని గీత గీసి పెట్టింది. పొడుగ్గా, బలంగా ఉన్నవాడు చిన్నవాణ్ణి తోసేసి గెలిస్తే అందులో నేర్చుకున్నదేమీ లేదని ఆయన లెక్క. ఈ మూడింటికీ డబ్బు ఖర్చు లేదు. వీటి వెనుక ఉన్నదంతా తరగతి గదిలో వెనక బెంచీ పిల్లవాణ్ణి ఎలా ముందుకు తేవాలా అని ఆలోచించే బుర్ర.

ఫలితం ఎలా ఉందో అంకెలే చెబుతాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు అప్పట్లో దేశంలో ఎదురు లేదని పేరు. అలాంటి మోహన్ బగాన్‌ను ఓడించి 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చుకున్నారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను వరసగా రెండేళ్లు పట్టింది. రెండుసార్లూ ఫైనల్లో ఓడినది బొంబాయే.

బలరాం గురించి చెప్పకుండా ముందుకు పోలేము. తులసీదాస్ బలరాం సికిందరాబాదు పక్క అమ్ముగూడలో పెరిగిన పేద కుర్రాడు. ఎక్కడో చిన్న మైదానంలో అతని ఆట చూసి రహీం సాహెబ్ శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బుల్లేవని కుర్రాడు చెప్పుకున్నాడు. అప్పుడు రహీం సాహెబ్ అద్దె సైకిలుకని తన జేబులోంచి రోజుకింత ఇచ్చి రప్పించుకున్నారట. ఈ సంగతి బలరామే పెద్దతనంలో చెప్పుకునేవాడు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్‌లోను, 1960లో రోంలోను దేశం తరఫున ఒలింపిక్స్ ఆడాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఆ సైకిలు అద్దె ఇవ్వకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

దేశపు జట్టుకు రహీం సాహెబ్ కోచ్ అయింది 1950లో. 1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో గెలిచి మనవాళ్లు బంగారు పతకం తీసుకున్నారు, మేవాలాల్ ఆ ఒక్క గోలు కొట్టాడు. అప్పటికి మనవాళ్లలో చాలామంది ఆడేది వట్టి కాళ్లతోనే. ఎండ దేశంలో, గట్టి నేల మీద అది చెల్లింది. మరుసటి ఏడాది 1952లో ఫిన్లాండ్ దేశపు హెల్సింకిలో ఒలింపిక్స్. ఆ చలిలో, తడి గడ్డి మీద వట్టి కాళ్లు జారిపోయాయి. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. పేపర్లలో పరువు పోయింది. ఆ తర్వాతే బూట్లు లేనిదే ఆడకూడదని ఫెడరేషన్ వారు నియమం పెట్టారు. చిన్నప్పటి నుంచి నేల తగిలే పాదంతో బంతిని పట్టినవాడికి తోలు బూటు తొడిగి మళ్లీ మొదటినుంచి నేర్పడమంటే, అక్షరాలు వచ్చినవాడికి ఇంకో లిపి నేర్పడం లాంటిదే. ఆ పని రహీం సాహెబ్ నెత్తిన పడింది.

నాలుగేళ్లలో ఎంత మారిందో చూడండి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో హైదరాబాదు కుర్రాళ్లు పలువురు ఉన్నారు. వెనక కాపు కాసే అజీజుద్దీన్, మధ్యలో ఆడే నూర్ మొహమ్మద్, ముందు వరసలో జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇలా. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసూజా ఒక్కడే 3 గోళ్లు కొట్టాడు. దాంతో ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదైంది. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ముందు గోలు మనమే కొట్టాం, తర్వాత నిలవలేకపోయాం, 4-1తో ఓడాం. మూడో స్థానం ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఫుట్‌బాల్లో మన దేశం ఒలింపిక్స్ మెట్టు అంత పైకి ఎక్కింది ఆ ఒక్కసారే.

ఆట తెలియనివారి కోసం ఇక్కడొక చిన్న వివరణ. ఆ కాలంలో మన జట్లు వెనక ఇద్దరిని, మధ్య ముగ్గురిని, ముందు అయిదుగురిని నిలబెట్టి ఆడేవి. 1953లో హంగరీ జట్టు లండన్‌లో ఇంగ్లండును 6-3తో చిత్తు చేసింది. ముందుండవలసిన నడిమి ఆటగాణ్ణి హంగరీవాళ్లు కావాలనే కాస్త వెనక్కి జరిపారు, ఇంగ్లండు కాపుదారుకు ఎవరిని పట్టుకోవాలో తెలియకుండా పోయింది. దాన్ని చదివి, ఆలోచించి, మన దేశంలో ముందుగా అమలుపెట్టినవారు రహీం సాహెబే అంటారు. ఎక్కడో యూరప్‌లో జరిగిన ఆటను ఇక్కడ చాదర్‌ఘాట్ పంతులు ఒకరు పాఠంలా విడదీసి పిల్లలకు చెప్పారన్నమాట.

1960లో రోం ఒలింపిక్స్. హంగరీ, ఫ్రాన్స్, పెరూలతో ఒకే గుంపులో పడ్డారు. హంగరీతో 2-1 తేడాతో ఓడారు, ఫ్రాన్స్‌తో 1-1 సమం చేశారు, పెరూతో 3-1 తేడాతో ఓడి వెనక్కి వచ్చారు. ఆ జట్టులో రహీం సాహెబ్ సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు ఆటల్లో ఒక్కదాంట్లోనూ అతన్ని మైదానంలోకి దింపలేదు. తండ్రి కోచ్ అయి ఉండి కొడుకును అంత దూరం తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టడం ఇంట్లో ఎలా చెల్లిందో మనకు తెలియదు గానీ, కమిటీల్లో, నియామకాల్లో తిరిగే మనవంటివాళ్లు ఈ సంగతి ఒకసారి తీరిగ్గా ఆలోచించవచ్చు.

ఇక జకార్తా. ఎంత రాసినా తనివి తీరని ఘట్టం ఇది.

1962 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇండోనేసియా రాజధానిలో నాలుగో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఆ ప్రభుత్వం వీసాలు ఇవ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలని అనకూడదని మన దేశానికి చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. అక్కడి జనానికి కోపం వచ్చింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆ మాటకు, మన కుర్రాళ్లకు ఏ సంబంధమూ లేదు, అయినా పడవలసింది వాళ్లే పడ్డారు. బస్సులో వెళ్లేటప్పుడు బయటికి కనపడకుండా సర్దార్జీలు కిందికి వంగి కూర్చునేవారని ఆటగాళ్లు తర్వాత రోజుల్లో చెప్పుకున్నారు.

మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడారు. రెండో ఆటలో థాయ్‌లాండును 4-1తో గెలిచారు గానీ, వెనక గోడలా నిలబడే జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. తర్వాత జపానుపై 2-0తో గెలుపు. సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో. జర్నైల్ తలకు కట్టు ఉంది. ఎదుటివాళ్ల పరుగులకు అడ్డంపడి, ఎగిరి తలతో బంతిని కొట్టి తరిమే వెనక వరస పని ఆ స్థితిలో రోజంతా చేయించలేరు. అలాగని అంత మొనగాణ్ణి గదిలో పడుకోబెట్టడమూ నష్టమే. రహీం సాహెబ్ అతన్ని తీసుకెళ్లి ముందు వరస నడిమిన నిలబెట్టారు. కాపుదారును గోళ్లు కొట్టేవాడిగా మార్చారు! కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరసలో ఆడిన సంగతి ఆయనకు గుర్తుందని అంటారు. పంతుళ్లకు ఇలాంటివి గుర్తుంటాయి, ఏ పిల్లవాడు ఏ తరగతిలో ఏ లెక్క చేశాడో ఏళ్లు గడిచినా చెబుతారు. జర్నైల్ ఆ ఆటలో గోలు కొట్టాడు. మనవాళ్లు 3-2తో గట్టెక్కారు.

అప్పటికే రహీం సాహెబ్‌కు ఒంట్లో బాగోలేదు. దగ్గు వదిలేది కాదు. సిగరెట్టు అలవాటు చాలాకాలంగా ఉంది. ఊపిరితిత్తుల జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతోంది. ఫైనలుకు ముందు తన పిల్లల్ని కూర్చోబెట్టి తనకొక కానుక కావాలని, బంగారు పతకమే ఆ కానుక అని అడిగారట. మాటకు మాట ఎవరూ రాసిపెట్టుకోలేదు, కాబట్టి మేమూ కల్పించి రాయడం లేదు. అడిగినది మాత్రం అదే.

సెప్టెంబరు 4. సెనాయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది జనం. మన జాతీయ గీతం వినిపించగానే గోల చేశారు. ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. గోలు కాపలాదారు తంగరాజ్ ఫ్లూ జ్వరం నుంచి లేచాడు. హైదరాబాదులో పుట్టిన ఆ పొడుగు మనిషినే రహీం సాహెబ్ ఫైనలుకు నిలబెట్టారు, కొరియావాళ్లు పైనుంచి కొట్టే బంతులు అందుకోవాలంటే ఎత్తు కావాలని. త్రిలోక్ సింగ్ కాలి వేలి గోరు దెబ్బతిని ఉంది, అయినా దిగాడు. జర్నైల్ కట్టుతోనే ముందు వరసలో. బలరాం ఉన్నాడు, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, కెప్టెన్ చునీ గోస్వామి ఉన్నాడు. లక్ష మందిలో మనవాళ్ల వైపు అరిచినది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని పి.కె. బెనర్జీ లాంటివాళ్లు తర్వాత చెప్పుకునేవారు.

17వ నిమిషంలో బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్, తలకు కుట్లున్న ఆ కాపుదారుడు, రెండోది కొట్టాడు. కొరియావాళ్లు చివర్లో ఒకటి తిరిగిచ్చారు. అంతే, 2-1. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం మళ్లీ మన దేశానికి దక్కనే లేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో అయితే 1960 రోం తర్వాత ఆడనే లేదు.

రహీం సాహెబ్ ఇంటికొచ్చారు. అక్కడి నుంచి తొమ్మిది నెలలు, చివరి నెలలు మంచం మీదే. 1963 జూన్ 11న హైదరాబాదులో ఊపిరితిత్తుల కాన్సరుతో కన్నుమూశారు. 53 సంవత్సరాలు. కోచ్‌ల కోసం ద్రోణాచార్య అనే పురస్కారం మన ప్రభుత్వం మొదలుపెట్టింది 1985లో, అంటే ఆయన పోయిన 22 ఏళ్లకు. బతికున్న రోజుల్లో ఆయన పేరు చెప్పుకున్నవాళ్లు ఆయన శిష్యులే, తర్వాతా వాళ్లే.

కోచ్ లేకపోయినా ఆయన పెంచిన వరస కొన్నాళ్లు నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే మన రాష్ట్రానికి చివరిది. ఆ తర్వాత హైదరాబాదులో ఆ ఆట ఎందుకు చితికిపోయిందంటే రకరకాల కారణాలు చెబుతారు. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వలసపోయారంటారు, క్రికెట్టు మింగేసిందంటారు, మైదానాలు ఇళ్లయిపోయాయంటారు. అన్నీ నిజమే అయ్యుండవచ్చు. మాకు మాత్రం తోచేది, పొట్టి పిల్లలకు పోటీ పెట్టే పంతులు మళ్లీ ఎవరూ లేకపోవడం వాటన్నిటికంటే పెద్ద లోటని.

ఆ వరసలో ఒకరి సంగతి చెప్పి ముగిస్తాం. సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదు కుర్రాడే, జర్నైల్ లాగే కాపుదారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో దేశపు జట్టుకు కెప్టెన్‌గా ఉండి కాంస్యం తెచ్చాడు, ఆ తర్వాత మళ్లీ మనకు ఏ పతకమూ రాలేదు. ఆట మానేశాక కోచ్ అయ్యాడు, 1990లో ద్రోణాచార్య అందుకున్నాడు, పొరుగు దేశం బంగ్లాదేశ్‌కు వెళ్లి ఢాకాలో క్లబ్బు జట్టుకు, దేశపు జట్టుకు కూడా నేర్పాడు. ఆటగాడు దేశం దాటి పంతులు కావడం ఈ నేలకు కొత్త కాదన్నమాట. జర్నైల్ సింగ్ కడపటి రోజుల్లో కెనడా చేరి 2000లో వాంకూవర్‌లో చనిపోయాడు. రోంలో బల్ల మీద కూర్చున్న హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు, అంతర్జాతీయ రిఫరీగా పనిచేశాడు, కోచ్ అయ్యాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందాడు, 2021 ఆగస్టులో గుల్బర్గాలో వెళ్లిపోయాడు.

మన నర్సీపట్నంలో సెలవు రోజు సాయంత్రం ఖాళీ స్థలం కనపడితే చాలు పిల్లలు బ్యాట్లు పట్టుకుని చేరిపోతారు, ఆడనివ్వండి. అయితే వచ్చే వేసవి సెలవుల్లో ఒక ఆదివారం పొట్టి పిల్లల పోటీ ఒకటి, ఎడంకాలి పోటీ ఒకటి పెట్టి చూడాలని సభ్యులకు మా మనవి. కావలసినవి ఒక బంతి, గోలుకు నాలుగు కర్రలు, గీతలకు కాస్త సున్నం, ఎత్తు కొలవడానికి గోడ మీద ఒక గుర్తు. ఆడపిల్లలకు వేరే గంట కేటాయించవచ్చు. పిల్లల పేర్లు, వయసు, ఎత్తు రాసి పంపే తల్లిదండ్రులు కార్యదర్శిగారికి ముందుగా ఇస్తే జట్లు విడదీయడం తేలికవుతుంది.